సాగిన గీత

ఏప్రిల్ నెలాఖరు శనివారం.
సీతాఫల్‌మండిలో డాబా ఇంకా కాలుతోంది,
చెప్పుల్లోంచి కూడా.
వాటర్ ట్యాంకు నుంచి మెట్ల గది మీది ఇనుప పైపు దాకా
పది మీటర్ల రాగి తీగ నాది.
దాని మీద ఎవరిదో లంగా ఆరుతోంది.

"తీగ ఖాళీగనే ఉండె గద బిడ్డా"
అంది కింది వాటా అండాలమ్మ.
ఇవాళ ఒక్కరోజు వద్దు పిన్నీ, ఇవాళ మార్కోనీ రోజు.
"మార్వాడీల పండుగనా?"
అవునన్నాను. లంగా మడిచి ఇచ్చాను.

పండుగే, ఒక రకంగా.
అతను పుట్టిన తేదీకి దగ్గర్లో దొరికిన శనివారం
లోకంలోని పిచ్చివాళ్ళందరం
గాలిలో ఒకరినొకరం పిలుచుకుంటాం.
దండలుండవు. ఉపన్యాసాలుండవు.
నీ మాట వినబడింది,
ఇక్కడ ఎండగా ఉంది,
సెలవు.
అంతే మా పూజ.

మునీరుద్దీన్ సాబ్ ఉన్నన్నాళ్ళూ
ఈ రోజున ఒక చిన్న తకరారు పెట్టేవారు.
కోఠీలో, గుజరాతీ గల్లీ కొసన,
పొట్టలు విప్పిన రేడియోల మధ్య లేచి నిలబడి
"ముందు ఒక్క నిమిషం కలకత్తా ప్రొఫెసర్ సాబ్‌కి" అనేవారు,
గోడల అవతల గంట మోగించి
పేటెంటు కోసం పరిగెత్తని మనిషికి.
ఆ నిమిషం సోల్డరింగ్ పొగ కూడా కదిలేది కాదు.
తర్వాత,
"చలో, ఇప్పుడు ఇటలీ కుర్రాడికి సలాం."

పందొమ్మిదేళ్ళప్పుడు
మా ఇంటి రేడియో బాగుచేయించడానికి వెళ్ళి
ఆ టకటక దగ్గర ఆగిపోయాను.
చుక్కలూ గీతలూ అంటే ముగ్గే కదా, అన్నాను తెలివిగా.
"ముగ్గులో గీత చుక్కని చుట్టేస్తది బేటీ.
ఇందులో పక్కన నిలబడతది, అదబ్‌గా."

ఆయన చూపుడు వేలు సగం మొద్దు.
ఎప్పుడో వేడి కడ్డీ కాల్చినచోట స్పర్శ లేదు.
మాట చివరి గీత దగ్గర వేలు లేవడం ఆలస్యం.
ఇరానీ హోటల్లో ఆఖరి గుక్క కోసం
సాసర్ వంచి పట్టుకున్నట్టు
ఆ గీత సాగేది.
తప్పు, ఇది నేర్చుకోకు, అనేవారు.
నేర్చుకోలేదు.
అంటుకుంది.

ఆరున్నర.
హెడ్‌ఫోన్‌లో బస్తీ అంతా ఉంది.
ఎల్‌ఈడీ బల్బుల గుయ్, ఎవరి చార్జరో గొణుగుడు,
ఎంఎంటీఎస్ వెళ్ళినప్పుడల్లా
జొన్నలు వేయించినట్టు చిటపట.
వాటన్నిటి అడుగున, సన్నగా, ఏవో ఊళ్ళు.

పిలిచాను.
లేదు.
మళ్ళీ పిలిచాను.
అజా మొదలై, ముగిసింది.
మళ్ళీ.

పలికింది.
సముద్రపు ఒడ్డు స్టేషన్. నింపాది చెయ్యి, వయసుమళ్ళినదనుకుంటా.
నా ఊరు పంపాను. ఎండ సంగతి పంపాను.
పేరు పంపేలోగా అటు చప్పుడాగిపోయింది.
చాలాసేపటికి, ఒక్కో అక్షరం:

ఈ చెయ్యి నాకు తెలుసు.
ముప్పై ఏళ్ళ కింద హైదరాబాద్ నుంచి వినేవాణ్ణి.
మునీర్, నువ్వేనా?

ఈ టకటకలో గొంతు ఉండదు. ఆడా మగా ఉండదు.
పోయినవాళ్ళూ ఇట్లాగే పలుకుతారు కాబోలు.
అవునని కొట్టేద్దామనిపించింది, దాచేదేముంది.
కాసేపు ఆయన్ని బతికించడానికి
ఇంగ్లీషువి మూడు అక్షరాలు చాలు.

కాదు, అని పంపాను.
ఆయన వెళ్ళిపోయి ఆరేళ్ళు. నేను శిష్యురాలిని. పేరు వకుళ.

సరిగ్గా అప్పుడే ఎంఎంటీఎస్, దాని మొహం మండ.
జొన్నలు చల్లారాక వినబడింది:

ఆ తప్పు అలాగే ఉంచు.

తర్వాత ఏడు, మూడు. మా వాళ్ళ లెక్కలో శుభాకాంక్ష.
నేనూ ఏడు. నేనూ మూడు.
మూడుకి చివర రెండు గీతలు.
రెండోదాని మీంచి వేలు తీయబుద్ధి కాలేదు.

మెట్ల మీద తడి బట్టల బకెట్టు చప్పుడు.
"అయిందా పండుగ?"
ఇంకా లేదు పిన్నీ.
ఆమె బకెట్టు దించి, పిట్టగోడకి ఆనుకుని,
కొంగుతో విసురుకుంటూ,
"ఏమంటుండు నీ మార్వాడీ?"

ఎండలెట్లున్నయని అడిగిండు, అన్నాను.