కాపరి పైన

సాయంత్రం ఆరున్నర.
కోటేశ్వరికి ఆత్మకూరు ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ.
వింజమూరు స్టాండులో బస్సెక్కుతా చెప్పింది:
"పిల్లలకి వేడిగా ఏదన్నా చెయ్యి.
నూడుల్స్ మాత్రం వద్దు."
ఏడున్నరకి కరెంటు పోతది.
గంట ఉంది నాకు.

మనస్వికి ఏడేళ్లు.
పది రోజులైంది కూర ముట్టక.
చుక్కని సంతకి తోలినప్పటి నుంచీ
పళ్లెంలో ఎముక కనిపిస్తే చాలు
"ఇది ఎవురు?" అంటుంది.
ఏంది అని అడిగితే చెప్పొచ్చు.
ఎవురంటే ఏం చెప్పేది.

కృష్ణపట్నం రేవు క్యాంటీన్లో
మూడేళ్లు గరిట తిప్పినోణ్ణి.
ఓడల వాళ్ల కోసం నేర్చుకున్న వంట ఒకటుంది,
అడుగున ఖైమా, మీద మెత్తటి ఉర్లగడ్డ.
గొర్రెల కాపరి పై అంటారు దాన్ని.
ఖైమా లేదు ఇవాళ.
శెట్టి అంగట్లో పాతిక రూపాయల మీల్‌మేకర్ ఉంది.

ఉడుకు నీళ్లలో వేస్తే ఉబ్బి పైకి తేలినై.
పిండితే నురగ నీళ్లు,
ఇంకోసారి పిండు, ఇంకోసారి,
ఆ పచ్చివాసన వదిలిందాకా.
రోట్లో రెండు దంపులు.
మిక్సీలో వేస్తే పిండైపోతది.

ఎర్రగడ్డ, తెల్లగడ్డ, ఉర్లగడ్డ,
మా ఇంట్లో గడ్డలకి కొదవ లేదు.
కుక్కరు నాలుగు కూతలు కూసేలోపల
బాండట్లో టమేటా చితికి,
క్యారెట్టు ముక్కలు, పచ్చి బఠానీలు,
ధనియాల పొడి, కాసిని మిరియాలు.
చెయ్యి దానంతటదే కారం డబ్బా మీదికి పోయింది.
వెనక్కి తీసుకున్నా.
పిల్లోడికి మూడేళ్లే.

గడప మీద నాయన, మాలకొండయ్య.
కాలు బెణికి నెల్రోజులుగా ఇంటిపట్టునే.
మందని చిన్నాయన తోలకపోతుండాడు,
ఈయన మాత్రం పొద్దున్నే లేచి
కర్ర తుడుచుకుంటాడు.

"ఏందిరా వాసన?"
"గొర్రెల కాపరి పై."
"కాపరి పైనా? ఏం పడింది పైన?"

నాకు నవ్వొచ్చింది, ఆయనకి రాలేదు.
"కాపరి పైన ఏముంటదిరా.
ఎండ. గొంగడి. షావుకారు బాకీ.
ఆడాడ పిడుగు."
"ఇవాళ ఉర్లగడ్డ, నాయనా."
"మరి అడుగున?"
"మీల్‌మేకర్."
"దాన్ని ఏ మందలో కాస్తారు?"

యాభై ఏళ్లు జోడిపి గొర్రెల వెనక నడిచినోడు.
పండక్కి ఊరంతా కూర తింటే
మా ఇంట్లో పప్పుపులుసు.
అమ్మకానికి పెంచింది అమ్మకానికే.
మేం తిన్నదంతా నక్క కొరికి వదిలిందో,
రోగమొచ్చి కాళ్లు చాపిందో.
ఆ సంగతి ఓడల వాళ్లకేం తెలుసు,
కాపరి పేరు పెట్టి ఖైమా పరుస్తారు.

మెదిపిన ఉర్లగడ్డలో పాలు, వెన్న, ఉప్పు.
ఇనప మూకుట్లో ఖైమా కాని ఖైమా సర్ది
దానిమీద దట్టంగా కప్పి
ముళ్ల చెంచాతో గీతలు గీశా.
"చుక్క వీపు!" అంది మనస్వి,
"వానకి తడిసినప్పుడు ఇట్టాగే ఉండేది."
నా చెయ్యి ఆగింది.
పిల్ల నవ్వుతుండాది.

ఓవెను లేదు మాకు.
అట్లకాడని మంట మీద ఎర్రగా కాల్చా,
పైపైన తాకిస్తే రంగొస్తదని.
నాయన గోడ పట్టుకుని లేచాడు.
"వాతలు పెట్టేది నీకేం తెలుసురా. ఇట్టియ్యి."

రోగపు గొర్రెకి పెట్టినట్టే,
వత్తకుండా, వణక్కుండా,
చుయ్‌మని ఒక గీత. పక్కన ఇంకోటి.
మాడిన వెన్న వాసన ఇల్లంతా.
ఊపిరి బిగబట్టి చూసింది పిల్ల.
"దీనికి నొప్పెయ్యదు గదా తాతా?"
"ఎయ్యదమ్మా.
లోపల ఎవురూ లేరు."

కరెంటు పోయింది.
సెల్లు వెలుతుర్లో నాలుగు పళ్లేలు.
పిల్లోడు ఉర్లగడ్డంతా నాకేసి
మిగతాది నా వైపు తోశాడు.
మనస్వి రెండోసారి పెట్టించుకుంది.
నాయన ఒక ముద్ద నమిలి, ఆగి,
చీకట్లోనే చెయ్యి చాపి
కారం డబ్బా అందుకున్నాడు.
"బాగుందిరా. చప్పగా ఉంది."

కోటేశ్వరి వాటా గిన్నెలో పెట్టి పళ్లెం మూశా.
పొద్దున వచ్చి తింటా అడుగుతుంది,
ఈ నల్ల గీతలేందని.