వంతు

చిక్కడపల్లి రిజిస్ట్రేషన్ ఆఫీసు పక్క సందులో
నీలం టార్పాలిన్ కింద నా బల్ల.
ముప్పై ఒక్క ఏళ్లుగా నేలకు హద్దులు రాస్తున్నాను:
తూర్పున ఇరవై అడుగుల రోడ్డు,
పడమర వహీదా బేగం గారి ప్రహరీ.

నా పేరు ఎవరికీ పట్టదు.
పాతబస్తీ వాళ్లకు మున్షీసాబ్‌ని,
రేషన్ కార్డులో క్లర్కుని,
ముసలమ్మలకు పంతులుని.

పంతులంటే నవ్వొస్తుంది.
మా తాత ముషీరాబాద్‌లో తోళ్లు ఆరేసేవాడు.
ఆ వాసనకే పంతుళ్లు దారి మార్చుకునేవాళ్లు.
దఫ్తరన్న మాటకు కూడా మొదట తోలనే అర్థమట,
తాతకు ఎవరూ చెప్పలేదు.

చెప్పింది దానం అయ్యగారు, కవాడిగూడ చర్చిలో,
అన్నీ మరిచిపోతున్న రోజుల్లో.
"జకరయ్యా, క్లర్కంటే ఏమనుకున్నావురా?
గ్రీకులో క్లేరోస్. ఓ పుల్లముక్క.
వంతులు తేలనప్పుడు చీటీలా వేసేవాళ్లు.
పుల్ల పేరే వంతుకొచ్చింది.
లేవీయులకు భూమిలో వంతు లేదు గదా,
దేవుడే వాళ్ల వంతు.
అట్లా గుడి మనుషులకు అంటుకుందా పేరు.
చదువొచ్చింది వాళ్లకే గనక
తర్వాత రాసేటోడల్లా క్లర్కే.
నువ్వూ నేనూ ఒకే పుల్ల, విరిగినం."
అని, చాయ్‌కి పది రూపాయలడిగాడు.

మొన్న ముగ్గురొచ్చారు.
నూట ఎనభై గజాల ఇల్లు,
రోడ్డు వైపు వాటా ఎవరిదని.
అయిలయ్య అరిచాడు. కొమురయ్య బల్ల గుద్దాడు.
"నేనూ ఆ ఇంట్ల పుట్టిన్నే గదా"
రాజమణి ఒక్కసారే అంది.

రెండు గంటలయ్యాక
కాగితం చించి మూడు చీటీలు రాసి
నా టిఫిన్ డబ్బాలో వేసి ఊపాను.
చాయ్ పిల్లగాడు కళ్లు మూసుకుని తీశాడు.

రోడ్డు వైపు రాజమణికి.

అయిలయ్య చీటీని వెనక్కి తిప్పి చూశాడు,
అటువైపు ఇంకో దేవుడున్నాడేమోనని.

రాశాను:
ఎవరి బలవంతమూ లేకుండా, మా ఇష్టపూర్వకంగా.
వేలిముద్రలు. సంతకాలు.
"నీ కలం సల్లగుండ, పంతులూ"
రాజమణి ఐదొందలు పెట్టి పోయింది.

అందులో మూడొందలు ఇంటి కిరాయి బాకీకి.
ఎన్ని వేల గజాలు రాశానో లెక్క లేదు,
జానెడు నా పేరున లేదు.

రాత్రి డబ్బా కడుగుతుంటే
అడుగున ఊరగాయ నూనెకు అంటుకుని
చిన్న కాగితం ముక్క,
చించినప్పుడు మిగిలింది.
రెండువైపులా చూశాను.
ఏమీ రాసి లేదు.

తుడిచి జేబులో పెట్టుకున్నాను.