మూడుసార్లు

నా సెంటర్ల ఫారానికి ఇరువై రూపాయలు.
ఆధార్ లింకు, కరెంటు బిల్లు, పింఛన్ స్టేటస్,
ఇప్పుడు ఈ ఆరోగ్య సర్వే.

"నడవడంలో మీకు ఇబ్బంది ఉందా?"
లేదు, కొంచెం ఉంది, చాలా ఉంది, అసలే నడవలేను.
నాలుగు గుండ్రాలు.
మా మర్రిగూడ దిక్కు ఎవరినడిగినా ఒకటే మాట:
"నాకేమైంది బిడ్డా, మంచిగనే ఉన్న."
మొదటి గుండ్రం నొక్కి
ఎనకాల మనిషిని పిలిచేటోన్ని.
ఎంతమందిని అట్ల మంచిగ చేసిన్నో.

ఈసారి ఫారం పక్కన మాటల డబ్బా ఒకటి పెట్టిన్రు,
చాట్‌బాట్ అంటరు దాన్ని.
మన యాస రాదు గని
మర్యాద తెలుసు.

ఈదమ్మ వచ్చింది, నడుము ముందుకు వంగి
నేలను చదువుకుంట.
బల్ల పట్టుకొని కూసున్నది.
"ఇబ్బందా? నాకేం ఇబ్బంది?"

నా వేలు అప్పటికే మొదటి గుండ్రం మీదున్నది.

డబ్బా అన్నది:
"సరే అమ్మా. ఇంటి నుంచి బస్సు ఆగే చోటికి వచ్చేటప్పుడు
మధ్యలో ఎక్కడైనా కూర్చుంటారా?"

ఈదమ్మ ఫోన్ దిక్కు మనిషిని చూసినట్టు చూసింది.
"కూసోకుంటె ఎట్లొస్త?
బడి గోడకాడ ఒకసారి.
యాదగిరి పంచర్ దుకాణంల, టైరేస్తడు పాపం, కూసోనీకి.
మల్ల ఎర్ర రంగేసిన బోరింగు గద్దె మీద."

ఆడ కొంచెంసేపు ఊకున్నది.
"అందరు గట్లనే కూసుంటరు కద?"

నిజమే. మా ఊర్ల ఇబ్బంది అంటే
కూసున్నోడు లేవకపోవుడు.
అంతకు తక్కువది లెక్కల్లకు రాదు.

"మూడుసార్లు కూర్చోవాల్సి వస్తే
'చాలా ఉంది' అనేది దగ్గరగా ఉంటుంది.
అలా రాయాలా వద్దా, మీరే చెప్పండి."

"రాస్తె పింఛన్ పోతదా?"
"పోదమ్మా. ఈ సర్వేకు పింఛన్‌తో సంబంధం లేదు."
"కొత్తది వస్తదా?"
"అదీ రాదు."
ఈదమ్మ పండ్లు కనబడేటట్టు నవ్వింది.
"పోయేది లేదు, వచ్చేది లేదు,
ఇగ అబద్ధం దేనికి? నిజమే రాయి."

మూడో గుండ్రం మీద నా వేలు
కొత్తగ నడక నేర్చినట్టు పోయింది.

ఆమె లేచింది. ఒక చెయ్యి బల్ల మీద,
ఒక చెయ్యి మోకాలు మీద.
ఇరువై రూపాయలు నేనొద్దన్న, ఆమె వినలే.

పొద్దుగూకినంక సెంటర్ మూసిన.
షట్టర్ గుంజనీకి
కర్రకు ఇనుప కొక్కెం కట్టుకొని మూడేండ్లు.
చేతులు పైకి లేస్తయా అని
నన్ను ఇంకా ఎవరూ అడగలే.
మా ఇంటి ఫారం రేపు.