వెనక ఎడమ చక్రం

అచ్చంపేట. ఉప్పునుంతల రోడ్డు.
ఖాజా ఉస్తాద్ రేకుల షెడ్డు కింద
మిలిటరీ వేలంపాటల కొన్న పాత ట్రక్కు
మూడు చక్రాల మీద, ఒక మొద్దు మీద నిలబడ్డది.
పచ్చరంగు కింద ఇంకో పచ్చరంగు,
దాని కింద తుప్పు.
అడవిల పెంటలకు రేషన్ బియ్యం మోసే బండి.
దాని కింద ఎల్లెలుకల పండుకొని నేను,
ముప్పై ఆరేండ్లకు పానా పట్టినోన్ని.

మొదటి దినం
బోల్టు ఎటు తిప్పితె ఊడుతదో తెల్వక
బిగిసినదాన్నే ఇంకింత బిగించిన.
"సారూ, అటు కాదు" అన్నడు ఈదయ్య.
ఎనిమిదిల నా దగ్గర సైన్సు తప్పినోడు.
ఆఖరి బెంచిల కూసోని కిటికీ దిక్కే చూసేటోడు.
కిటికీ అవుతల లారీలు పోతుండె.
నేను గోడ దిక్కు తిరిగి రాస్తుంటి.

ఒక గిన్నె, రెండు పిస్టన్లు, బాణం గుర్తులు:
మూసిన ద్రవంల ఒత్తిడి అన్ని దిక్కుల సమానం.
వీనితోనే ఇరవైసార్లు రాయించిన.
ఆ ఒత్తిడి అరికాలికి ఎట్లుంటదో
వలంటీరు కొలువు పోయినంక ఎరికైంది.

"తొక్కు సారూ. పట్టుకో. ఇడువకు."
కింద వాడు నిప్పిల్ అర చుట్టు ఇప్పుతడు,
సీసాలకు బుడగలు బుడగలుగ గాలి దిగుతది,
నా కాలికింద పెడల్
అలిసిన ఎద్దు మోకాళ్ల మీద కూలినట్టు కూలుతది.
"ఇడువు. మల్ల తొక్కు."
పదిహేడుసార్లు. లెక్కపెట్టిన, పంతులు గుణం పోదు.
గాలి నలుగుతది, నూనె నలగదు.
నలిగి సర్దుకునేది లోపల ఉన్నంతసేపు
బండి ఆగదు.
ఈ ముక్క నేను పిల్లలకు ఎన్నడు చెప్పలె.

కొత్త షూలు ఏసినం. వారం తిరగలె,
వెనక ఎడమ చక్రం తడిసింది.
డ్రమ్ము ఊడదీస్తె గేర్ ఆయిల్ వాసన,
షూలు అరిసెల లెక్క నూనెల నానినయి.
హాఫ్ షాఫ్టు గుంజి, భుజానికెత్తి గోడకానిచ్చి
ఆయిల్ సీల్ మార్చినం.
మల్ల వారానికి అదే తడి.
సీల్ నేనే వంకర కొట్టిన్నని
రెండు రాత్రులు నిద్ర పట్టలె.
నా బిడ్డ నా వేళ్లు వాసన చూసి ముక్కు మూసుకున్నది,
మల్లొకసారి చూసింది.

మూడోసారి ఖాజా ఉస్తాద్
సాసర్ల చాయ్ ఊదుకుంట వచ్చిండు.
నన్నేం అడగలె.
యాక్సిల్ గొట్టం మీద, బురద పెచ్చు కింద,
చిటికెన వేలి గోరంత మూత ఉన్నది. బ్రీదర్.
తీగెతోని పొడిచిండు.
ఎర్రమట్టి రాలింది,
మట్టితోపాటు ఎండిన పురుగొకటి,
ఉల్లిపొర తీరు రెండు రెక్కలు.

కందిరీగ గూడు.
"లొద్దికాడ వాగొచ్చి బండి నెల దినాలు ఆగె గద సారూ,
గప్పుడు కట్టుకుంది."

ఊపిరి పోయే తొవ్వ లేక
వేడెక్కిన కడుపు నూనెను సీల్ మీదికి నూకింది.
గంతే. నా సుత్తె తప్పు కాదు.
కొంచెం నా సుత్తె తప్పు గూడ ఉన్నది,
అంచు మీది నొక్కు ఉస్తాద్ వేలితోని చూపెట్టిండు.
రెక్కలను అగ్గిపెట్టెల దాసుకున్న,
దేనికో తెల్వది.

మన్ననూరు దాటినంక, ఇరవై బస్తాల బియ్యం,
వాగులకు దిగుడు, కింద గులకరాళ్లు.
స్టీరింగు మీద ఈదయ్య.
"తొక్కాల్నా సారూ?"
బడిల ఒక్క ప్రశ్న అడగనోడు.
"తొక్కు" అన్న.
నీళ్లకు మూరెడు ఇవతల
కొంచెం ఎడమకు గుంజి ఆగింది.

ఇద్దరం దిగి చక్రంకాడ గొంతుకూసోని
డ్రమ్ము మీద చెయ్యి పెట్టినం.
వేడిగున్నది. పొడిగున్నది.
ఎడమకెందుకు గుంజిందో
రేపు చూడాలె.