ఏవూరి బండి

కంచరపాలెం రేకుల షెడ్డులో
ఆదివారం ఇడ్లీ పొట్లాం విప్పేలోపే తగువు మొదలు.
డెబ్భై ఒకటి మోడలంటాడు పైడిరాజు.
డెబ్భై రెండు, తలుపు గడియ చూడమంటాడు ఆల్బర్టు,
వాల్తేరు లోకోషెడ్డులో డీజిళ్ల గుండెలు విప్పి విప్పి
రిటైరైన మనిషి.
మధ్యలో ఆమె, ఫెయిర్‌లేడీ,
నాలుగు ఇటుక దొంతుల మీద
చక్రాల్లేకుండా, ఎవరి మాటా పట్టనట్టు.

హార్బరు వెనక గోడౌను కూల్చేటప్పుడు దొరికింది.
ఎవరో జపాను ఇంజనీరు ఓడలో తెచ్చుకుని
వెళ్తూ వెళ్తూ ఒక గుమాస్తాకి ఒగ్గేశాడట.
స్టీరింగు మనలాగే కుడివైపు కదా,
గుమాస్తా పెళ్లి ఊరేగింపులకి అద్దెకి తిప్పాడట.
ఆ తర్వాత వెనక సీటులో కోళ్లు గుడ్లు పెట్టాయట.
ఈ 'అట'లన్నీ పాత లెడ్జరులో రాసేది నేనే.
రెంచీ పట్టడం రానివాడికి అప్పగించిన పని.

ఉప్పుగాలి ఊరు మాది.
రెండేళ్లు రంగు వేయకపోతే
కిటికీ చువ్వ వేలితో పొడవుతుంది.
డ్రైవరు కాళ్ల కింద పళ్లెమంత కన్నం:
సీట్లో కూర్చుని తలొంచితే
చీమల బారు కనపడేది.

రంగు గీకాం.
పైన పెళ్లిళ్ల తెలుపు.
కింద ఎవడో బ్రష్షుతో పులిమిన నీలం.
దాని కింద, పండిన నారింజ.
ఆల్బర్టు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.
"ఇదీ ఒంటి రంగు" అన్నాడు,
జాతరలో చుట్టాన్ని ఆనవాలు పట్టినట్టు.

నూకరత్నం షిప్‌యార్డులో వెల్డరు.
ముసుగు దించితే మాట్లాడదు, ఎత్తితే ఆపదు.
"పాతది ఎంత మిగిల్తే అంత ఉంచాల బాబూ,
అంతా మార్చీసాక మిగిలేది బొమ్మే."
హెడ్‌లైటు గిన్నె నాగోయా నించి పోస్టులో వచ్చింది,
కస్టమ్స్‌వాళ్లు వంటపాత్ర అని రాశారు.
కార్బురేటరు సూదులు మాత్రం ఎక్కడా దొరకలేదు.
పైడిరాజు ఇత్తడిని లేతు మీద తిప్పాడు.
ఏడోది కుదిరింది.
ఆరు తప్పులూ బిస్కట్ల డబ్బాలో ఉన్నాయి.

ఒకసారి నోరుజారి చెప్పాను:
మా నాన్న ఓర్ బెర్తులో కలాసీ.
ఆయన బనీను ముంచితే
బకెట్లో నీళ్లు ఇటుకరంగు తిరిగేవి.
బైలదిల్లా కొండ కొంచెం కొంచెంగా
ఆయన గోళ్ల పక్కనించి ఓడెక్కి జపాను పోయింది.
ఈ తలుపులో ఆ పిడికెడు ఉండొచ్చు కదా.

"రుజువేదీ?" అంది యజ్ఞశ్రీ,
స్టీల్‌ప్లాంటు ల్యాబులో ముప్పయ్యేళ్లు
ఇనుముకి పరీక్షలు పెట్టిన మనిషి.
"ఇనుముకి ఇంటిపేరుండదు."
అని, గీకిన తుప్పుపొడి చిటికెడు
కాగితంలో మడిచి సంచీలో వేసుకుంది.
ఏం తేలిందో చెప్పలేదు.
నేనూ అడగలేదు.

నాలుగో ఏడు, మాఘమాసం చివర,
ఆరు సిలిండర్లూ ఒక్కసారి గొంతు సవరించుకున్నాయి.
పక్కింటి గేదె తాడు తెంపుకుంది.
బీచి రోడ్డుకి పోదామన్నారు ఎవరో.
"నేను అతికిందంతా మళ్లీ ఉప్పుకి పెట్టడానికా?"
సరే, సముద్రానికి వీపు పెట్టి
సింహాచలం వైపు.

మర్రిపాలెం దగ్గర గేటు పడింది.
ఓర్ రైలు. యాభై ఎనిమిది వ్యాగన్లు.
లెక్కపెట్టాను, చిన్నప్పటి అలవాటు.
గాలికి లేచిన ఎర్రధూళి
నారింజ బానెట్టు మీద మెత్తగా వాలింది.
నూకరత్నం గుడ్డ తీసింది.
తీసి, చేతిలోనే ఉంచుకుంది.

గేటు మనిషి చుట్టూ తిరిగి చూసి
"ఏవూరి బండి బాబూ?" అన్నాడు.
యొకొహామా, అన్నాడు పైడిరాజు.
కంచరపాలెం, అన్నాడు ఆల్బర్టు.
ఇద్దరూ మళ్లీ మొదలు.
యజ్ఞశ్రీ నా వైపు తిరిగి
ఏదో చెప్పబోయింది.

వెనక ఆటోవాడు హారన్ కొట్టాడు.