మూడో పిన్ను

మళ్ళా వచ్చింది నీలం.
లారీ నంబరు కొట్టి, బండల కొలత కొట్టి
చివరి మీట మీద వేలు ఆనించేలోపల
తెరంతా నీలం, పక్కకు పడుకున్న ఏడుపు మొగం.
సమస్య వచ్చిందంటాది, ఏం సమస్యో చెప్పదు.
వాకిట్లో ఇంజను ఆపకుండా డ్రైవరు.
బిల్లు లేకుంటే గుత్తి దాటనీరు వాణ్ణి.

తాడిపత్రిలో, పాలిషు మిషన్ల వీధిలో
మా ముందు గదే ఆఫీసు.
గోడలోకి నాపబండ దిగ్గొట్టిన బల్ల,
దానిమీద రెండో చేతి కంప్యూటరు.
దూదేకుల దస్తగిరమ్మ, బిల్లుకు ముప్పై రూపాయలు.

మొదట ఓబులేసు వచ్చినాడు.
విండోసు పోయిందక్కా అని కొత్తది వేసినాడు. ఆరువందలు.
నాలుగో రోజు నీలం.
మళ్ళా వచ్చి మూత విప్పితే
లోపల పిండి జల్లించినట్టు రాతి దుమ్ము.
సైకిలు పంపుతో ఊదినాడు.
ర్యాము పట్టీ పీకి, దాని బంగారు పళ్ళను
మా చాందిని రబ్బరుతో రుద్దినాడు.
గదంతా బడి వాసన.
ఆ వాసనకే బాగవుతాదనుకున్యా.
తొమ్మిది రోజులు బాగనే ఉండింది.
పదో రోజు, ఇరవై రెండు టన్నుల లోడు దగ్గర
నీలం.
బోర్డే మార్చల్లక్కా అన్నాడు.
ధర చెప్పి, వాడే తల దించుకున్నాడు.

ఆ రాత్రి చాందిని పాత లెక్కల నోటుబుక్కులో
మిగిలిన కాయితాలకు గీతలు కొట్టినా.

జూన్ రెండు. పదీ నలభై. బిల్లు కొడతాంటి. పక్కింటి కటింగు మిషను ఆడతాంది.
జూన్ మూడు. మధ్యాన్నం. ఊరికే కూచోనుంటి. మిషను ఆడతాంది.
జూన్ ఐదు. చెయ్యి డబ్బాకు తగిలింది. చీమ కుట్టింది. చీమ లేదు.
జూన్ ఎనిమిది. వాన.
జూన్ తొమ్మిది. వాన. మిషను రెండు పూటలా ఆడింది. నీలం రాలేదు.

ఆ వరస కింద ఇంకో గీత కొట్టినా.

సిమెంటు ఫ్యాక్టరీలో వైరుమ్యానుగా చేసి దిగిపోయిన లింగమయ్య
కంప్యూటరును ముట్టుకోలేదు.
నోటుబుక్కు చదివినాడు
డాక్టరు రక్తం రిపోర్టు చూసినట్టు.
వానను, చీమను రెండుసార్లు చదివినాడు.
బల్బుకు రెండు తీగలు కట్టి
ఒకటి కరెంటు కన్నంలో, ఒకటి పైనున్న పెద్ద కన్నంలో పెట్టినాడు.
మిణుకుమనింది, బీడీ కొనంత ఎరుపు.

పెరట్లో, బట్టలుతికే బండ పక్కన తవ్వితే
ఒక ఇనుప గొట్టం, ఎండిన బొగ్గు,
పలుగుకు కూడా లొంగని ఉప్పు.
"తీగ భూమిదాకా పోయింది మా,
భూమే తీగకు అందడంల్యా.
రెండు బిందెలు పొయ్యి. వారం వారం పోస్తాండు."

కొళాయి నాలుగు రోజులకోసారి.
డ్రమ్ము మూతమీద కూచోనుంది మా అత్త ఫక్కీరమ్మ.
"తాగేదానికి లేవంటే కంప్యూటరుకు తాపుతావా?"
కంప్యూటరుకు కాదత్తా, మన్నుకు.
"మన్నుకు పుట్టినప్పటినుంచీ తాపుతానే ఉండాం.
ఏమిచ్చిందంట?"
లింగమయ్య తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.
నేను ఆమె లేచేదాకా నిలబడినా.

రెండు బిందెలు.
గుంత గుటకలేసింది, బుడగలు కక్కింది,
మళ్ళా నోరు తెరిచింది.
ఇంకో చెంబు.
లోపల బల్బు తెల్లగా వెలిగితే
చాందిని చప్పట్లు కొట్టింది, ఎందుకో తెలీకుండానే.

జూన్ ఇరవై. లేదు.
జూన్ ఇరవై ఆరు. లేదు. చీమ కూడా లేదు.
జూలై నాలుగు. నీలం, ఒకసారి. నీళ్ళు మరిచినా.

మరుసటి రోజు తెల్లారి పెరట్లో చప్పుడైతే తొంగి చూసినా.
అత్త బియ్యం కడిగిన గిన్నె వంచుతాంది
గొట్టం మొదట్లో, అటూ ఇటూ చూసుకుంటా.
నన్ను చూసి,
"ఊరికే పారబోస్తాండా" అనింది.

జూలై ఐదు. బియ్యం నీళ్ళు. అత్త.
పదకొండు బిల్లులు.