నల్లచెరువు, మూడో లైను

డ్రైనేజీ గొట్టాలకని మా వీధి తవ్విన రోజు
అందరూ ముక్కు మూసుకున్నారు.
నేను తట్ట తీసుకుని పరుగెత్తాను.

తారు కింద కంకర, కంకర కింద
పగిలిన పెంకులు, ఎవరిదో ఒంటి చెప్పు,
ఆ కింద, ఆరడుగుల లోతున,
పడుకున్న గేదె వీపులా నల్లగా
చెరువు.

"ఏం పోయింది ఆంటీ?" జేసీబీ మీంచి మీరావలి.
మాట్లాడకుండా చిటికెడు నాలిక మీద వేసుకున్నాను.
వాడు ఇంజను ఆపేశాడు.

మా నాయనమ్మ చిట్టెంకమ్మ మట్టిని కళ్లతో నమ్మేది కాదు.
ఉప్పగుంటే ఆవంలో పగులుద్ది,
పళ్లకింద కరకరమంటే మూకుళ్లకు చాలు,
ఏ రుచీ లేకుండా చల్లగా జారితే
బానకు పెట్టవే, అనేది.
నలభై ఏళ్లుగా ట్రాక్టరు మట్టి కొంటున్నాం,
ప్రతి లోడులోనూ కాస్త ఉప్పు.

సారె మగవాళ్లది. అన్నయ్య దాన్ని పాత ఇనుముకి వేసి
మిర్చి యార్డులో కాటా రాస్తున్నాడు.
నాకు మిగిలింది సలప, గుండ్రాయి.
రాయికి ఒక పక్క బొటనవేలంత గుంట,
నాయనమ్మది, వాళ్లత్తది కూడా కావచ్చు.
నా వేలు అందులో ఇంకా వదులుగానే ఉంటుంది.

లోపల రాయి, బయట సలప.
దెబ్బ పడాలి, కోపం పడకూడదు.
పిల్లలకి పరీక్షలని పైవాటావాళ్లు కేకలేస్తే
మధ్యాహ్నాలకి మార్చుకున్నాను.

కాలనీలో పొగ పెట్టనివ్వరు.
పచ్చి కుండల్ని పాత చీరల్లో చుట్టి
ఒళ్లో పసివాళ్లలా ఆటోలో బుడంపాడు తీసుకెళ్లి
పిన్ని చేలో ఆవం పేర్చాను.
పదకొండింటిలో నాలుగు పగిలాయి.
కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అంటారు.
మా చెరువుకి మాత్రం రెండు వేసవులు పట్టింది,
ఎన్ని లారీల రాళ్లో.

అంచు కింద మూడు గోటినొక్కులు మా ఇంటి గుర్తు.
అంట్లు తోముతూ గోరు విరిగింది,
మూడోది సగమే పడింది.
దిద్దలేదు.

రెండు నెలలకి గొయ్యి పూడ్చి మళ్లీ తారు పోశారు.
వెళ్లేముందు మీరావలి గడప దగ్గర నీళ్లడిగాడు.
కొత్త కుండలోంచి ముంచి ఇచ్చాను.
సగం తాగి, గ్లాసు వెలుతురుకి ఎత్తి చూసి
"ఎక్కడి నీళ్లు ఆంటీ ఇవి?" అన్నాడు.

మున్సిపాలిటీ పంపువే.
ఆ మాట చెప్పబోయి
గ్లాసు మళ్లీ నింపాను.